నెత్తురు నడచు దారి

ఒక స్త్రీకి రొమ్ము కాన్సరు అని వైద్యుడు చెప్పగానే, మా కురబలకోట సీమలో ఇంటి పెద్దల నోట, "ప్రాణం దక్కితే చాలు గదమ్మా, మిగతాదంతా ఎందుకు?" అను మాట వచ్చును, అది ప్రేమతో పుట్టిన మాటయే యైనను, పోయిన రొమ్మును ఆ స్త్రీ దేహములోని మాంసముతోనే మరల నిర్మింపగల విద్య యొకటి కలదన్న సంగతి దాని వెనుక మరుగుపడిపోవుచున్నది.

ఆ విద్యను వైద్యులు ఫ్లాప్ అందురు. ఒకచోటి చర్మమును, కొవ్వును, అవసరమైనచో కండరమును, నెత్తురు తెచ్చు ధమనితోను కొనిపోవు సిరతోను సహా వేరొక చోటికి చేర్చుటయే దాని సారము. మా తోటలలో ఒట్టుమామిడి కట్టువారు తల్లిచెట్టు కొమ్మను తెంపకయే పిల్లమొక్కకు కట్టి, రెండును కలిసిన పిమ్మటనే కోయుదురు. తొలినాటి ఫ్లాపుల ధర్మమును అదియే. టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమున, ఏ యుద్ధమునకై 1791లో ఆంగ్ల సేనాని కార్న్‌వాలిసు సేన మన మొగిలి కనుమ నెక్కిపోయెనో ఆ యుద్ధముననే, ముక్కు కోల్పోయిన కవాస్జీ అను ఎడ్లు తోలువానికి పూనాలో ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మముతో ముక్కు నిలిపెను. కనుబొమల నడుమ సన్నని కాడను తెంపక విడుచుటచేతనే ఆ చర్మము బ్రదికినది. 1794లో లండను పత్రికలో అచ్చైన ఆ వృత్తాంతము ఐరోపా వైద్యులకు మార్గదర్శకమైనది.

కాడను తెంపని ఆ ధర్మముతోనే, రొమ్ము తీసిన చోటికి వీపు కండరమును త్రిప్పి తెచ్చినవాడు ఇటలీ వైద్యుడు టాన్సినీ, 1906లో. పొత్తికడుపు కండరముతో రొమ్మును నిర్మించు పద్ధతిని 1982లో ప్రకటించినవాడు అమెరికా వైద్యుడు హార్ట్‌రాంఫ్. కండరము పోయిన కడుపుగోడ బలహీనపడునని గ్రహించి, 1989లో జపానుకు చెందిన కొషిమా కండరమును దాని చోటనే విడిచి, దానిలోనుండి వచ్చు సన్నని నాళములను మాత్రమే వెలికిదీసెను; ఆ మార్గమున రొమ్మును నిర్మించిన తీరును 1994లో ఆలెన్ ప్రకటించెను. ఇందు కాడను పూర్తిగా తెంపి, మైక్రోస్కోపు క్రింద, వెంట్రుకకన్న సన్నని దారముతో ఎదలోని నాళములకు కుట్టవలెను.

అట్టి ఆపరేషను జరిగిన బంధువైన ఒకామెకు తోడుగా ఆసుపత్రిలో నున్న రాత్రి నేను చూచితిని: నర్సు గంటగంటకు వచ్చి, క్రొత్త చర్మమును వ్రేలితో నొక్కి, తెల్లబడిన చోట మరల ఎరుపు ఎంతలో వచ్చునో కనిపెట్టుచు, వెచ్చదనము పరీక్షించుచుండెను. నీలిమ క్రమ్మినచో సిర మూసికొన్నదని అనుమానించి, తడవు చేయక మరల ఆపరేషను గదికి కొనిపోవలెనట.

ఈ విద్య అందరికిని తగదు. రేడియేషను, మధుమేహము, పొగత్రాగుట, పూర్వపు కోతలు నిర్ణయమును మార్చును. కావున అక్కచెల్లెండ్రారా, తిరుపతికి పోయినను, రాయవేలూరికి పోయినను, బెంగుళూరికి పోయినను, కాగితముపై సంతకము చేయుటకు ముందే, "నాకు ఫ్లాప్ తగునా? రొమ్ము తీసిన వెంటనేనా, తరువాతనా?" అని వైద్యుని అడుగుడు. వద్దనుకొనుటయు మీ హక్కే. కాని తెలిసి వద్దనుకొనుడు.