చిన్న గొట్టం, పెద్ద జంతువు: వేట రచనల్లో రైఫిల్ ఎంపిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పెద్ద జంతువుల వేటకు చిన్న క్యాలిబరు రైఫిల్ చాలునా అన్న వివాదం ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల వేట రచనల్లో విస్తారంగా కనిపిస్తుంది. దీనిని కేవలం సాంకేతిక వివాదంగా చూడటం పరిపాటి. వాల్టర్ బెల్, జాన్ టేలర్, జిమ్ కార్బెట్ రచనలనూ, ఆర్వెల్, హెమింగ్వే రచనలనూ పక్కపక్కన ఉంచి, ఈ వివాదం వెనుక ఉన్న అనుభవ ప్రామాణ్య సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేట సాహిత్యం, క్యాలిబరు, వాల్టర్ బెల్, జాన్ టేలర్, కార్బెట్, ఆర్వెల్, ప్రామాణ్యం

ఉపోద్ఘాతం

వేట రచనలను తెలుగు పాఠకుడు సాధారణంగా అడవి కోసం, భయం కోసం, కథనపు బిగువు కోసం చదువుతాడు. అల్లం శేషగిరిరావు కథలపై వచ్చిన చర్చ కూడా ఎక్కువగా మనిషికీ మృగానికీ నడుమ ఉన్న నైతిక సంబంధం చుట్టూనే తిరిగింది. వేటగాడి చేతిలోని తుపాకి ఏమిటి, దానిని అతడు ఎందుకు ఎంచుకున్నాడు అన్న ప్రశ్నకు విమర్శలో చోటు తక్కువ. అయితే వేటగాడు తన గురించి తాను ఏమనుకుంటున్నాడో, జంతువును ఎలా చూస్తున్నాడో ఆ ఎంపికలోనే ముందుగా బయటపడుతుంది. ఆయుధ వర్ణనను అలంకారంగా భావించి దాటవేసే పాఠకుడు ఆ రచనలోని ప్రధాన వాదాన్నే దాటవేసే ప్రమాదం ఉంది.

బెల్: గురి మీద కట్టిన వాదం

స్కాట్లాండుకు చెందిన వాల్టర్ డాల్రింపుల్ మైట్లాండ్ బెల్ (1880–1954) ఉగాండా ఈశాన్య ప్రాంతమైన కరమోజాలో దంతాల కోసం ఏనుగులను వేటాడి ‘కరమోజో బెల్’గా ప్రసిద్ధుడయ్యాడు. అతడు చంపిన ఏనుగుల సంఖ్య వేయికి పైబడింది. వాటిలో అత్యధికం 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తో, అంటే బ్రిటిష్ వ్యాపారులు .275 అని పిలిచిన మౌజర్ తూటాతో, నేలకూలినవే. లేళ్ల వేటకు వాడే తుపాకి అది. దానితో ఏనుగును కొట్టడం అతని సమకాలికులకు తెగింపుగానో గొప్పగానో తోచింది. 1923లో వెలువడిన ‘ది వాండరింగ్స్ ఆఫ్ యాన్ ఎలిఫెంట్ హంటర్’ గ్రంథం ఆ అభిప్రాయానికి జవాబు వంటిది. అందులో మెదడుకు గురి పెట్టడం గురించి ఒక అధ్యాయం, శరీరానికి గురి పెట్టడం గురించి మరొక అధ్యాయం ఉన్నాయి. బెల్ ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడ ఉంటుందో స్వయంగా చూసినవాడు.

అతని వాదంలో భౌతికశాస్త్ర బలం లేకపోలేదు. గుండు ఎముకను చీల్చుకొని ఎంత లోతుకు దూసుకుపోతుందన్నది కేవలం దాని బరువును బట్టి ఉండదు. ఆ బరువు ఎంత వైశాల్యం వెనుక ఉన్నదన్నదే ముఖ్యం. దీనినే సెక్షనల్ డెన్సిటీ అంటారు. 175 గ్రెయిన్ల 7 మిల్లీమీటర్ల గుండుకు ఈ విలువ సుమారు 0.310. ఏనుగుల కోసమే తయారైన .470 రైఫిల్‌లోని 500 గ్రెయిన్ల గుండుకు సుమారు 0.318. ఒకటి మరొకదానికి దాదాపు మూడు రెట్ల బరువు ఉన్నా చొచ్చుకుపోయే గుణంలో రెండూ ఇరుగుపొరుగులే. అయితే గుండు వంగకుండా, విచ్చుకోకుండా నిలవాలి. అందుకే బెల్ గుండ్రని మొన గల, పూర్తిగా లోహపు తొడుగు ఉన్న పొడవైన గుండును వాడాడు. మెత్తని మొన ఉన్న గుండు మాంసంలో విచ్చుకుంటుంది. జింకకు అది సరిపోతుంది గాని, ఏనుగు కపాలంలోని గుల్ల ఎముకను దాటి మెదడును చేరేలోగానే ఆగిపోవచ్చు. చిన్న క్యాలిబరును సమర్థించేవారు బెల్ పేరును తరచుగా ఉదహరిస్తారు గాని, అతడు ఎంచుకున్న గుండు స్వభావాన్ని అంతగా ఉదహరించరు. రైఫిల్ ఎంపిక కన్నా గుండు ఎంపికే అతని విజయానికి అసలు ఆధారం అనడం అతిశయోక్తి కాదు.

ఇక్కడ చారిత్రక సందర్భాన్ని కూడా గమనించాలి. బెల్ వేట వ్యాపారం. తుపాకీ చప్పుడు అంతగా ఎరుగని మందలు, దగ్గరికి వెళ్లే వీలు, కాచుకొని గురి చూసేంత సమయం, దినమంతా నడవగల శరీరం అతనికి సమకూరాయి. తేలికైన రైఫిల్‌ను కూలీకి అప్పగించకుండా తానే మోయవచ్చు, పెద్ద కుదుపు లేనందున వెంటనే రెండోసారి కాల్చవచ్చు. ఈ పరిస్థితుల్లో ఏర్పడిన నిర్ణయాన్ని సార్వకాలిక సూత్రంగా చదవడం బెల్ పాఠకుల పొరపాటు, కొంతవరకు బెల్ రచనా ధోరణి వల్ల కలిగిన పొరపాటు కూడా. ఆ గ్రంథపు గద్యం ఎంత నిబ్బరంగా సాగుతుందంటే, గురి తప్పడం అన్నది నేర్చుకోనివారి లోపంగా మాత్రమే కనిపిస్తుంది.

టేలర్: గురి తప్పినప్పటి లెక్క

1948లో ‘ఆఫ్రికన్ రైఫిల్స్ అండ్ కార్ట్రిడ్జెస్’ ప్రచురించిన జాన్ టేలర్ ఈ నిబ్బరాన్ని ఎదుర్కొన్నాడు. గుండు బరువును వేగంతోనూ వ్యాసంతోనూ గుణించి 7,000తో భాగించే ‘నాకౌట్’ సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఈ లెక్కన 173 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,300 అడుగుల వేగంతో పంపే .275కు 16 వస్తే, 2,150 అడుగుల వేగం గల .470కు 73 వస్తుంది. గతిశక్తిలో రెండున్నర రెట్లు మాత్రమే ఉన్న తేడా ఈ సూత్రంలో నాలుగున్నర రెట్లవుతుంది.

ఈ సూత్రాన్ని విమర్శించడం సులభం. వ్యాసంతో గుణించడానికి భౌతికశాస్త్రంలో తగిన కారణం లేదు. గుండు నిర్మాణానికి, చొచ్చుకుపోయే లోతుకు ఇందులో స్థానమే లేదు. అయినా దీనిని తోసిపుచ్చేముందు టేలర్ దేనిని కొలవదలచుకున్నాడో చూడాలి. మెదడుకు తగిలితే ఏ గుండైనా ఒకటేనని అతడూ ఒప్పుకుంటాడు. మెదడుకు కొద్ది దూరంలో తప్పితే ఏమవుతుందన్నది అతని ప్రశ్న. పెద్ద గుండు దెబ్బకు ఏనుగు కొంతసేపు స్పృహ తప్పి పడిపోతుంది, వేటగాడికి రెండో అవకాశం దొరుకుతుంది. చిన్న గుండైతే అది గాయంతో పారిపోతుంది, లేదా మీదికి వస్తుంది. కనుక టేలర్ సూత్రాన్ని శక్తిని కొలిచే సూత్రంగా కాక, పొరపాటుకు ఇచ్చే వెసులుబాటును కొలిచే సూత్రంగా చదవడం సమంజసం. గుండు తగిలినప్పుడు ఏమవుతుందో బెల్ రాశాడు, తగలనప్పుడు ఏమవుతుందో టేలర్ రాశాడు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన జవాబులిచ్చారని భావించడం వల్లనే ఈ వివాదం దశాబ్దాలుగా తెగలేదు.

వేయికి పైగా ఏనుగులు అన్న సంఖ్యను కూడా ఈ దృష్టితోనే చూడాలి. అది పడిపోయిన ఏనుగుల సంఖ్య. గాయంతో అడవిలోకి వెళ్లి ఎక్కడో చచ్చిన జంతువు ఏ వేటగాడి పట్టికలోనూ చేరదు. అలాగే, చిన్న తుపాకితో ఏనుగును ఎదిరించి మరణించినవాడు స్మృతిగ్రంథం రాయడు. బతికి రాసినవారి సాక్ష్యాన్ని మాత్రమే చదివే విమర్శకుడికి ఈ రెండు మౌనాలను లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి.

1936: రెండు కల్పనేతర ప్రశ్నలు

ఈ మౌనాలలో మొదటిదాన్ని వేటగాడు కాని ఒక రచయిత మాట్లాడించాడు. 1936లో వచ్చిన ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’ వ్యాసాన్ని వలసపాలన విమర్శగా మన విశ్వవిద్యాలయాల్లో బోధిస్తారు. అది నిజమే గాని, ఆ వ్యాసం ఆయుధం గురించి కూడా ఎంతో కచ్చితంగా మాట్లాడుతుంది. ఆర్వెల్ కథకుడు మొదట పాత .44 వించెస్టర్‌తో బయలుదేరతాడు. ఏనుగును చంపడానికి అది చాలదని అతనికి తెలుసు. తరువాత ఏనుగుల రైఫిల్‌ను తెప్పించుకుంటాడు. తగిన తుపాకి చేతికి వచ్చినా మరణం రాదు, ఎందుకంటే పక్కగా నిలిచిన ఏనుగు చెవి రంధ్రానికి సూటిగా కొట్టాలని అతనికి తెలియదు. మెదడు ఇంకా ముందుకు ఉంటుందనుకొని కొన్ని అంగుళాలు ముందుకు గురి పెడతాడు. బెల్ రంపంతో కోసి తెలుసుకున్న విషయమే ఇది. ఏనుగు చాలాసేపు కొట్టుమిట్టాడుతుంది. అప్పుడు అతడు మళ్లీ చిన్న రైఫిల్‌ను తెప్పించి గుండెలోకి, గొంతులోకి వరుసగా కాలుస్తాడు, ఫలితం కనిపించదు. బెల్ పుటల్లో ఒక్క వాక్యంలో ముగిసే మరణానికి ఇక్కడ పేరాలు పడతాయి. చిన్న క్యాలిబరు వాదానికి ఇంతకన్నా నిర్దాక్షిణ్యమైన జవాబు లేదు, పెద్ద క్యాలిబరు వాదానికి కూడా ఇది ఊరట కాదు.

అదే సంవత్సరం వెలువడిన హెమింగ్వే కథ ‘ది షార్ట్ హ్యాపీ లైఫ్ ఆఫ్ ఫ్రాన్సిస్ మాకోంబర్’లో తుపాకులు పాత్రల స్థాయిని నిర్ణయిస్తాయి. వృత్తి వేటగాడు విల్సన్ చేతిలో .505 గిబ్స్, మాకోంబర్ చేతిలో స్ప్రింగ్‌ఫీల్డ్, భార్య చేతికి అందేది 6.5 మన్‌లిఖర్. కథలో అన్నిటికన్నా చిన్న గొట్టమే మనిషిని చంపుతుంది. క్యాలిబరును మగతనపు కొలతగా చూసే ధోరణిని హెమింగ్వే సమర్థించాడా, వెక్కిరించాడా అన్నది వేరే చర్చ. ఆ ధోరణిని అతడు గుర్తించాడన్నది మాత్రం స్పష్టం.

కార్బెట్, ఆండర్సన్: భారతీయ సందర్భం

మన దేశపు రచనల్లో ఈ ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు కార్బెట్‌కు బహుమానంగా లభించింది .275 రిగ్బీ, అంటే బెల్ వాడిన తూటాయే. 1944 నాటి ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’లో చౌగఢ్ పులి ఘట్టం ఈ తుపాకితోనే ముగుస్తుంది. ఎడమచేతిలో పక్షి గుడ్లు, కుడిచేతిలో తేలిక రైఫిల్, కొన్ని అడుగుల దూరంలో పులి. పాఠకుడికి ప్రతికూలంగా తోచే విషయాలే తనకు అనుకూలించాయని కార్బెట్ చెబుతూ, తేలిక రైఫిల్‌ను వాటిలో ఒకటిగా లెక్కిస్తాడు. దానిని అతడు సిద్ధాంతం చేయలేదు, ఆ ఒక్క క్షణానికి పరిమితం చేశాడు. బెల్ గద్యంలో లేని సంయమనం ఇది.

అంతకన్నా ముఖ్యమైనది చంపావత్ పులి నోరు. దాని కుడివైపు పైకోర, కిందికోర విరిగి ఉన్నాయి. అది పాత తుపాకి గాయమనీ, సహజమైన వేటకు పనికిరాకపోవడం వల్లనే ఆ పులి మనుషుల మీద పడిందనీ కార్బెట్ నిర్ధారించాడు. 436 మంది ప్రాణాలు తీసిందని చెప్పే ఆ పులి చరిత్ర ఎవరో పేరు తెలియని వేటగాడు సరిగా కొట్టలేకపోయిన ఒక్క దెబ్బతో మొదలైంది. ఏనుగు దంతాల లెక్కలో రాని గాయపడిన జంతువు కుమావూన్ గ్రామాల లెక్కలో వచ్చింది.

మన చామల లోయ పులి గురించి రాసిన కెనెత్ ఆండర్సన్ .405 వించెస్టర్‌ను ఇష్టపడ్డాడు. 300 గ్రెయిన్ల బరువైన గుండు, వేగం తక్కువ. సింహాల మీద రూజ్‌వెల్ట్ నమ్ముకున్న తూటా కూడా అదే. దట్టమైన పొదల్లో, రాత్రివేళ మంచె మీద, టార్చి వెలుతురులో కాల్చేవాడికి బెల్ కోరిన స్థిరమైన గురి దొరకదు. ఆఫ్రికాలోని పలు దేశాలు ప్రమాదకర జంతువుల వేటకు .375నో 9.3 మిల్లీమీటర్లనో కనీస క్యాలిబరుగా శాసించినప్పుడు దృష్టిలో పెట్టుకున్నది ఇటువంటి సామాన్య వేటగాడినే. ఆ శాసనాల ప్రకారమైతే బెల్ తన .275తో ఒక్క ఏనుగునైనా కాల్చేందుకు అనుమతి లభించేది కాదు.