మొదటి రంగు, మొదటి ఇంజను

పాత కారు వేరు, ఒరిజినల్ కారు వేరు. యాభై ఏళ్లనాటి అంబాసిడర్‌కు కొత్త రంగు కొట్టించి, మాటడార్ డీజిల్ ఇంజను బిగించి, సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టిస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో పూసిన రంగు, అక్కడ కుట్టిన సీటు, అక్కడ బిగించిన ఇంజను మాత్రం అందులో ఉండవు. అవి చెక్కుచెదరని కారు దొరకడం అరుదు, నిలబెట్టుకోవడం ఇంకా కష్టం.

దానికి ముందుగా కావలసింది స్థలం. అపార్ట్‌మెంట్ సెల్లారులో గీతలు, సొట్టలు తప్పవు. హైదరాబాద్ శివార్లలోని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. అందుకే మొయినాబాద్ చుట్టూ, చేవెళ్ల దారిలో పెద్ద తోటలూ ఫామ్‌హౌస్‌లూ ఉన్నాయి. ఓ మూల కారుకు షెడ్డు వేసుకోవడం పెద్ద పని కాదు. అయితే తోటకు తోట బాధలున్నాయి. చలికాలం తెల్లవారుజామున రేకుల లోపలివైపు చెమ్మ పట్టి, బానెట్ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎలుకలు గుడ్డ చుట్టిన పాత వైర్లను కొరుకుతాయి. నేల గచ్చుదై ఉండాలి, రేకుల కింద అట్టో చాపో కట్టాలి, కారు మీద ప్లాస్టిక్ కాకుండా నూలు గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ లోపలి తేమను బయటికి పోనివ్వదు.

కొనేటప్పుడు మెరుపును నమ్మకూడదు. ఆర్సీలోని చాసిస్, ఇంజను నంబర్లు కారు మీది నంబర్లతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అంకెల చుట్టూ ఆకురాయితో గీకిన జాడ ఉంటే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. అసలు రంగు డాష్‌బోర్డు వెనక, డిక్కీ అట్ట కింద, తలుపు బీడింగు చాటున దొరుకుతుంది. బయటి రంగు దానితో సరిపోవాలి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని మడ్‌గార్డుల మీద, తలుపుల కింది అంచుల మీద మెల్లగా జరపాలి. అది పట్టు వదిలిన చోట రేకు మీద మందంగా లప్పం ఉన్నట్టే. స్క్రూల తలలు చితికిపోయి ఉంటే ఆ భాగాన్ని చాలాసార్లు విప్పారని అర్థం.

అన్ని మార్పులూ ఒకటి కాదు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టినా, పాత డైనమో పెట్టెలో ఉంటే మళ్లీ బిగించవచ్చు. చిన్నాచితకా సామాను కోసం రాణిగంజ్, పుత్లీబౌలి అంగళ్లలో అడిగి చూడవచ్చు. కోసి అతికిన చాసిస్‌నూ, గీకేసిన మొదటి రంగునూ మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ధర కట్టాల్సింది వీటిని చూసే.

మీటరులో మైళ్లు తక్కువున్నాయని సంబరపడటమూ పొరపాటే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించమన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. లోపల సింహాసనం లాంటి ఆసనం, పైన బార్కర్ కంపెనీ బాడీ. అది తిరిగింది 356 మైళ్లేనంటారు. అయినా దాన్ని పునరుద్ధరించక తప్పలేదు. నడవకపోవడం వల్ల కూడా కారు చెడుతుంది.

కాబట్టి పదిహేను రోజులకోసారైనా ఇంజను బాగా వేడెక్కేదాకా నడపాలి. షెడ్డులోనే స్టార్ట్ చేసి అయిదు నిమిషాల్లో ఆపేయడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది: ఆయిల్‌లో, సైలెన్సర్‌లో చేరిన నీరు ఆవిరి కాకుండా మిగిలిపోతుంది. నెలల తరబడి ఆపాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, బండిని స్టాండుల మీదికి ఎత్తాలి. పెట్రోలుదో పెద్ద తలనొప్పి. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. సీసం మీద ఆధారపడ్డ పాత వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. ఇప్పటి పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, తేమను లాక్కుంటుంది. పైపులను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం ఒరిజినాలిటీకి భంగం కాదు. దారిలో కారు అంటుకోవడం కన్నా నయమే. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. గ్రీజు నిప్పుల్స్ ఒక్కటీ మరవకూడదు. చినిగిన సీటుకు లోపలి నుంచి అతుకు వేస్తే చాలు. పలచబడ్డ రంగు మీద రబ్బింగ్ కాంపౌండ్ పనికిరాదు.

చట్టమూ ఒరిజినాలిటీ వైపే మొగ్గింది. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని కార్లనే వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నంబరులో రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఆ కారును రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతుల కోసం రోడ్డెక్కించవచ్చు. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న కారైతే పాత నంబరునే ఉంచుకోవచ్చు.