మౌస్ కదిపితే కూసే స్పీకర్లు

మైకు తీసేశాం, పాట ఆపేశాం. అయినా స్పీకర్లలో సన్నగా కూత. మౌస్ కదిపితే ఆ కూత మారుతుంది, తెర మీద పేజీ జరిపితే గరగరమంటుంది. కొత్త కంప్యూటర్ బిగించుకుని ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. పాత లాప్‌టాప్‌తో నోరెత్తని ఆడియో ఇంటర్‌ఫేస్ కొత్త పెట్టెకు తగిలించగానే ఎందుకిలా? మార్చేద్దామనిపిస్తుంది. జేబులో చెయ్యి పెట్టేముందు కాసేపు ఆ రొదనే వినాలంటాను నేను.

గుమ్మని కింది స్థాయిలో మోగేది కరెంటుది. మన సరఫరా 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100 కూడా వెంట ఉంటుంది. కీబోర్డు దగ్గరుంటే కింది జి మెట్టు నొక్కి పోల్చండి, రొద దానికన్నా కాస్త పైన పలుకుతుంది. అమెరికాలో ఇదే పని చేసుకునే మనవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, అక్కడది బి ఫ్లాట్‌కూ బికీ నడుమ ఇరుక్కుంటుంది. (శ్రుతిజ్ఞానం ఇందుక్కూడా పనికొస్తుందని సంగీతం మాస్టార్లు చెప్పరు.) ఈలలా పైస్థాయిలో ఉంటే యూఎస్‌బీని అనుమానించాలి. హై స్పీడ్ యూఎస్‌బీ లయ సెకనుకు 8,000 సార్లు; అదే 8 కిలోహెర్ట్జ్ కూతగా లీకవుతుంది. మౌస్‌తో పాటు మారేది గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ లాగే కరెంటులోని హెచ్చుతగ్గులది.

ఇవి స్పీకర్లదాకా చేరే దారి చాలాసార్లు ఎర్త్ లూపే. బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్‌కు గోడతో సంబంధం లేదు. కొత్త పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు, చాలా స్టూడియో స్పీకర్లకూ అంతే. గోడలోని ఎర్త్ ఒక దారి, కేబుళ్లు ఇంకో దారి. ఆ చుట్టులో తిరిగే కరెంటు ఆడియోలో కలుస్తుంది. హెడ్‌ఫోన్లు ఇంటర్‌ఫేస్‌కే తగిలించి వినండి. అక్కడ చప్పుడు లేకపోతే దాని తప్పు లేనట్టే. ఆర్‌సీఏ తీగల బదులు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు వేసి, అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చితే చాలావరకు గొడవ తీరుతుంది. తీరకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్. 12 మెగాబిట్ల రకం అంటగట్టబోతే 480ది కావాలనండి.

ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రొద పోతుంది, నిజమే. మనిషీ పోవచ్చు. మా గదిలోనైతే సంగతి తిరగబడింది. క్యాబినెట్‌లో రంగు లేని అంచుకు చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి, "ఎర్త్ బెజ్జం ఉంది సార్, వైరే లేదు" అన్నాడు. స్పీకర్లు గుచ్చిన సాకెట్‌కు మాత్రం ఉంది. కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టరు తనకక్కర్లేని కరెంటును ఎర్త్‌లోకి వదలాలి; ఆ దారి మూసుకుపోయి, అదంతా ఆడియో కేబుల్ మీదుగా స్పీకర్లలోకి నడిచింది. వైరు లాగించాక చేతికి జివ్వుమనడం పోయింది, స్పీకర్లు కుదుటపడ్డాయి. పనిలో పనిగా పెరట్లో ఎర్త్ గొయ్యికి నీళ్లు కూడా పోయించాడు. ఎండాకాలం మట్టి ఆరితే దాని పనితనం తగ్గుతుందట.

చిటపటల జాతి వేరు. దానికి ఎర్త్‌తో పనిలేదు, గడువుతో పని. 48 కిలోహెర్ట్జ్, బఫర్ 128 అంటే ప్రాసెసర్ దాదాపు 2.7 మిల్లీసెకన్లకోసారి లెక్క అప్పజెప్పాలి. ఎంత ఖరీదైనదైనా ఏ వైఫై డ్రైవరో మధ్యలో అడ్డుపడితే గడువు తప్పి టప్పుమంటుంది. విండోస్‌లో లేటెన్సీమాన్ నడిపితే ఆ డ్రైవర్ పేరు దొరుకుతుంది. వైఫై ఆపి, ఇంటర్‌ఫేస్‌ను వెనక మదర్‌బోర్డు పోర్టుకే తగిలించి చూడండి. పాడేటప్పుడు బఫర్ 128 ఉంచి, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1,024కు పెంచుకోవచ్చు. అప్పుడు తమ గొంతు చెవుల్లోకి ఆలస్యంగా వస్తోందని విసుక్కునే గాయకులెవరూ గదిలో ఉండరు.