నియమం ఉండాల్సిన చోటు

బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఐబీఎం ఐ మీద పనిచేసే టీములు ఇవాళ్టికీ ఉన్నాయి. అధికారికంగా పేరు ఎన్నిసార్లు మారినా చాలామంది నోట ఆ యంత్రం ఇంకా ఏఎస్/400 గానే ఉంది. ఎక్కడో అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న బ్యాంకు, బీమా సంస్థ, గోదాముల వ్యాపారం లెక్కలు దాని మీద నడుస్తుంటాయి. వాటి బాగోగులు చూసేది ఇక్కడివాళ్లు, వారిలో మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఆ టీములకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఫైళ్ల ఆకృతిని నిర్వచించే ఐబీఎం పాత పద్ధతి డీడీఎస్‌లో రాసిన ఫైళ్లను ఎస్‌క్యూఎల్ టేబుళ్లుగా మార్చాలా, వద్దా? మార్చాలనే నా అభిప్రాయం. అయితే మీటింగుల్లో మొదట వినిపించే వేగం, ఆధునికత అనే రెండు కారణాలూ అంత పనికి చాలవు. అసలు కారణం పట్టుకుంటే ఏ ఫైలు ముందు మార్చాలో, దేని జోలికి వెళ్లనక్కర్లేదో కూడా తేలుతుంది.

డీడీఎస్‌ను చిన్నచూపు చూడడం అన్యాయం. 1978 అక్టోబరులో ప్రకటించిన సిస్టమ్/38లో ఐబీఎం డేటాబేస్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిపి ఇచ్చింది. ఎస్‌క్యూఎల్‌కు మూలమైన ఆలోచన 1974కే శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధకుల పత్రంలో ఉన్నా, ఆ సంస్థ దాన్ని సరుకుగా అమ్మింది 1981లో. ఫిజికల్ ఫైల్‌లో డేటా, దాని మీద కావలసిన వరుసలో కావలసిన రికార్డులే చూపించే లాజికల్ ఫైళ్లు, ఫీల్డుల కొలతలన్నీ ఒకేచోట రాసిపెట్టే ఫీల్డ్ రిఫరెన్స్ ఫైల్ – ఆ రోజులకు ఇది ఎంతో ముందుచూపు. ఆ 1978లోనే ఐబీఎం మన దేశం విడిచి వెళ్లింది. 1992లో టాటాలతో కలిసి బెంగళూరు కేంద్రంగా తిరిగొచ్చింది. ఆ మధ్యకాలంలో ఎక్కడో రాసిన నిర్వచనాలు మన చేతికి తయారుగా వచ్చాయి. ఎందుకలా రాశారో చెప్పగలిగినవాళ్లు చాలావరకు రిటైరయ్యారు. మిగిలింది సోర్సు ఒక్కటే: 19వ స్థానం నుంచి 28 దాకా పది అక్షరాల పేరు, ఆపైన పొడవు, రకం, దశాంశాలు.

ఆ సోర్సు చూస్తే తెలియని లోపం ఒకటుంది. సంఖ్య అని ప్రకటించిన ఫీల్డులోకి ఖాళీ అక్షరాలు వచ్చిపడినా, డీడీఎస్ ఫైల్ విషయంలో సిస్టమ్ రాసేటప్పుడు అడ్డు చెప్పదు. ఫార్మాట్ సరిచూడకుండా చేసిన కాపీ వల్లో, ఫైలు ఆకృతిని తనలోనే రాసుకున్న పాత ప్రోగ్రామ్ వల్లో చెత్త లోపలికి చేరుతుంది. అది బయటపడేది చదివేటప్పుడు. నెలలు గడిచాక, ఏ అర్ధరాత్రి బ్యాచ్‌లోనో డెసిమల్ డేటా ఎర్రర్ వస్తుంది. తప్పు చేసిన ప్రోగ్రామ్ ఒకటి, ఆగిపోయినది మరొకటి. ఎస్‌క్యూఎల్ టేబుల్ రాసే క్షణంలోనే తనిఖీ చేస్తుంది కాబట్టి తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే పని ఆగుతుంది. డేటాను తాకేవి ఈ యంత్రం సొంత భాష ఆర్‌పీజీలో రాసిన ప్రోగ్రాములు మాత్రమే అయినన్నాళ్లూ నియమాలన్నీ వాటిలోనే ఉన్నా ఎలాగో నెట్టుకొచ్చారు. ఇప్పుడు మొబైల్ యాప్‌లూ వెబ్ సర్వీసులూ జేడీబీసీ ద్వారా నేరుగా లోపలికి వస్తున్నాయి. వాటికి ఆర్‌పీజీలోని నియమం తెలియదు. అందుకే నియమం ప్రోగ్రామ్ నుంచి టేబుల్‌లోకి రావాలి.

డీడీఎస్ ఫైలుకు కూడా కన్‌స్ట్రెయింట్లు తగిలించవచ్చు కదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. నిజమే, తగిలించవచ్చు, మార్చలేని ఫైళ్లకు ఆ పనైనా తప్పక చేయాలి. కానీ ఆ నియమం సోర్సులో కనబడదు. సోర్సు ఒక మాట, డిస్కు మీద ఉన్నది మరో మాట అవుతుంది. ఐడెంటిటీ కాలమ్‌లు, వరుసలవారీ అనుమతులు, పాత విలువలను తేదీలతో దాచే టెంపోరల్ టేబుళ్లు రాయడానికి డీడీఎస్‌లో చోటే లేదు.

టేబుల్‌లో ఏ గడి ఉండాలన్నది ప్రోగ్రామర్లు తమలో తాము తేల్చుకునే చిన్న సంగతి కాదు. 2020 అక్టోబరు 29న తెలంగాణలో మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణిలో పాత పహాణీలోని అనుభవదారు కాలమ్ లేదు. సాగులో ఉన్న మనిషి రికార్డులోంచి మాయమయ్యాడన్న విమర్శ ఆ పోర్టల్‌ను చివరిదాకా వదల్లేదు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఇలాంటి నిర్ణయాలు ప్రోగ్రామర్ కానివాళ్లు కూడా చదివి నిలదీయగలిగే రూపంలో ఉండాలి. పది అక్షరాలకు కుదించిన పేర్ల కన్నా, 128 అక్షరాల దాకా పేరు పెట్టుకోనిచ్చే ఎస్‌క్యూఎల్ నిర్వచనం ఆడిటర్‌కు చాలా నయం.

గట్టి అభ్యంతరం ఖర్చు గురించి. ఫైలు మారితే రికార్డ్ ఫార్మాట్ గుర్తు మారుతుంది, దాన్ని వాడే వందల ప్రోగ్రాములు లెవెల్ చెక్ దగ్గర పడిపోతాయి, అన్నిటినీ మళ్లీ కంపైల్ చేయాలి. ఈ భయం సహేతుకమే గానీ దీనికి దారి ఉంది. కొత్త టేబుల్‌లో ఫీల్డుల పేర్లు, వరుస, కొలతలు, ఫార్మాట్ పేరు పాతవే ఉంచాలి. ప్యాక్డ్‌ను డెసిమల్‌గా, జోన్డ్‌ను న్యూమరిక్‌గానే రాయాలి. నల్ విలువలు రానివ్వకూడదు, వాటిని ఎదుర్కొనే ఏర్పాటు పాత ఆర్‌పీజీలో ఉండదు. అలా చేస్తే గుర్తు మారదు. ఆ తర్వాత కొత్త కాలమ్‌లు కావాలంటే, పాత ఫార్మాట్‌ను ఒక లాజికల్ ఫైల్‌కు అప్పగించి ప్రోగ్రాములను దానివైపు తిప్పవచ్చు. ఒక్క జాగ్రత్త: చెరిపేసిన రికార్డుల చోటును ఎస్‌క్యూఎల్ టేబుల్ తిరిగి వాడుకుంటుంది. కొత్త రికార్డు ఎప్పుడూ చివరే ఉంటుందని నమ్మి రాసిన ప్రోగ్రామ్ ఉంటే ఆ గుణాన్ని ఆపాలి. ఇక ఫీల్డ్ రిఫరెన్స్ ఫైల్‌కు ఎస్‌క్యూఎల్‌లో నేరుగా సాటి లేదు. ఈ నష్టాన్ని దాచకుండా ఒప్పుకోవాలి, కొలతల జాబితాను విడిగా కాపాడుకోవాలి.

వేగం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్ద పేజీల ఇండెక్సుల లాభం ఉన్నమాటే, కానీ డీడీఎస్ లాజికల్ ఫైళ్ల వల్ల క్వెరీలు డేటాబేస్‌లోని పాత క్వెరీ ఇంజిన్‌కు పోయే ఇబ్బంది కొత్త రిలీజుల్లో చాలావరకు తీరిపోయింది. మనుషుల సంగతి అంతకన్నా బరువైనది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంజినీరింగ్ చదివి బెంగళూరు వచ్చిన కుర్రవాడికి ఎస్‌క్యూఎల్ వచ్చు, డీడీఎస్ పేరు కూడా వినివుండడు. అలాగని అది నేర్పడం మానేయడానికి లేదు. స్క్రీన్లు, ప్రింటర్ ఫైళ్లు ఇంకా డీడీఎస్‌లోనే ఉన్నాయి.

ముందుగా మార్చాల్సినవి డబ్బు, పేర్లు, తేదీలు ఉండే మాస్టర్ ఫైళ్లు, అందులోనూ బయటి యాప్‌లు నేరుగా రాసేవి. మార్చేముందు ప్రతి సంఖ్య ఫీల్డునూ చదివి చెత్త ఏరాలి, లేకపోతే డేటా ఎక్కించేటప్పుడే పని ఆగిపోతుంది. ఆ ఏరే పనికి మార్పిడి కన్నా ఎక్కువ గడువు ఇవ్వాలి. ప్లానులో మొదట కోత పడేది సాధారణంగా దానికే. రాత్రికి నిండి తెల్లారేసరికి ఖాళీ అయ్యే తాత్కాలిక ఫైళ్లు, ఒకే ఫైలులో పలు మెంబర్లు పెట్టుకుని నడిచేవి డీడీఎస్‌లోనే ఉండనివ్వవచ్చు.