మెల్లగా వచ్చే బంతి

టేబుల్ టెన్నిస్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది మెల్లగా వచ్చే బంతి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు సాయంత్రాలు ఆడే కుర్రాళ్లు స్మాష్‌కు జంకరు. అవతల రబ్బరు మీద బొడిపెలుండే పింపుల్స్ బ్యాట్ పట్టుకుని ఓ పెద్దాయన నిలబడితే మాత్రం మొహాలు మాడ్చుకుంటారు. "అంకుల్, ఆ రబ్బరు చీటింగ్" అని ఒకడు నాతో వాదానికే దిగాడు. "చీటింగ్ ఎందుకవుతుంది నాన్నా, నువ్విచ్చిందే నీకు తిరిగొస్తోంది" అన్నాను.

మామూలు రబ్బరు బంతిని పట్టి తన స్పిన్ వేస్తుంది. లాంగ్ పింపుల్స్ అలా పట్టవు, వంగిపోతాయి. మనం కొట్టిన టాప్‌స్పిన్ తిరుగుతున్న వైపే తిరుగుతూ వెనక్కొస్తుంది. ప్రయాణం ఇటు మళ్లింది కాబట్టి మన వైపు వచ్చేసరికి అది బ్యాక్‌స్పిన్. స్పాంజి పల్చగా ఉండటమో, అసలు లేకపోవడమో వల్ల వేగమూ చచ్చిపోతుంది. మళ్లీ బాదామా, నెట్‌లోకే. పోనీ పుష్ చేస్తే తేలికపాటి టాప్‌స్పిన్‌తో వస్తుంది. దాన్నీ పుష్ చేస్తే గాల్లోకి లేచి అవతలివాళ్లకు స్మాష్ అందిస్తుంది. యాంటీస్పిన్ రబ్బరు ఇంకా గడుసుది, చూపులకు నున్నటి మామూలు రబ్బరే.

ఒకప్పుడు రెండు వైపులా ఒకే రంగు రబ్బర్లు వేసి, బ్యాట్ తిప్పి ఆడుతూ తికమకపెట్టేవారు. ఆ తర్వాత రెండు రంగులు తప్పనిసరి చేశారు. ఏ రంగు తగిలిందో చూసి, అంతకుముందు మనమేం కొట్టామో గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం కాళ్లది. బంతి ఆలస్యంగా వస్తుంటే చెయ్యి ముందే ఊగిపోతుంది. అడుగు ముందుకేసి, మోకాళ్లు వంచి, బంతి లేచేదాకా ఆగి, కింది నుంచి పైకి లేపాలి. ఆ ఆగడమే కష్టం.

2024 ఫిబ్రవరిలో బుసాన్ ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్స్‌లో చైనాతో పోరులో ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్షాను భారత్ తరఫున ఆడిన అయిహిక ముఖర్జీ యాంటీస్పిన్‌తోనే ఓడించింది. బ్యాక్‌హ్యాండ్‌కు పింపుల్స్ వాడే మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ వాంగ్ యిడిని వరుస గేముల్లో మట్టికరిపించింది. ఆ పోరు 2-3తో పోయినా, ఆ రెండు గెలుపులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మా వైపు కోచ్‌లకు ఒక మనవి. పిల్లలంతా నున్నటి రబ్బర్లతో తమలో తామే ఆడుకుంటున్నారు. వారానికో గంట మీరే పింపుల్స్ బ్యాట్ పట్టి వాళ్ల ఎదుట నిలబడండి. మ్యాచ్‌కు ముందు ప్రత్యర్థి బ్యాట్ తీసుకుని చూసే హక్కు నిబంధనల్లోనే ఉంది. మొహమాటపడకుండా అడిగి చూడమని కూడా చెప్పండి.