నోటిమాట, ఇనుప గుండు

ఈ వారం ఒక బస్టాండులో చూసింది ఇంకా మింగుడు పడలేదు. బస్సు నిండా జనం. ఇంజన్ ఆడుతూనే ఉంది. డ్రైవరూ కండక్టరూ ఇద్దరూ టీ బంకు దగ్గరున్నారు. పదేళ్ల కుర్రాడొకడు వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుని గేరు రాడ్డు పట్టుకుని ఊపుతున్నాడు. చంకలో ఇంకో బిడ్డతో వాళ్లమ్మ వెనక నుంచి కేకలేస్తోంది. దిగి వెళ్లి చెబితే డ్రైవరు గ్లాసు దించకుండానే అన్నాడు: "ఏం కాదు సార్, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది."

ఫుట్‌బోర్డు ప్రయాణాల మీద రాసినప్పుడల్లా డిపోల నుంచి ఉత్తరాలు రాసే పాత పాఠకులకు నా పట్టు తెలుసు. పదిమంది ప్రాణాలు చేతిలో ఉన్న ఉద్యోగంలో చిన్న తప్పనేది ఉండదు. 2019 ఏప్రిల్‌లో హైదరాబాద్ గౌలిగూడ బస్టాండులో రాత్రి నిలిపిన ఆర్టీసీ బస్సు తెల్లారేసరికి లేదు. మహారాష్ట్రలో నాందేడ్ వైపు దొరికేసరికి దాన్ని ముక్కలుగా విప్పేశారు. 2023 సెప్టెంబరులో మథురలో ఒక లోకల్ రైలు ప్లాట్‌ఫారం ఎక్కేసింది. క్యాబిన్‌లోకి వెళ్లిన ఉద్యోగి ఫోను చూసుకుంటూ తన సంచీని బండి నడిపే హ్యాండిల్ మీద పెట్టాడు. 2024 ఫిబ్రవరి 25న కఠువాలో నిలిపిన గూడ్సు డ్రైవర్ లేకుండానే కదిలి 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి పంజాబ్‌లో ఆగింది.

ఇలాంటివాళ్లను ఒక్కరోజు కూడా ఆ సీట్లో ఉంచకూడదని రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే మా మేనమామ అడ్డొచ్చాడు.

గుంటూరు–గుంతకల్లు లైను మీటరు గేజిగా ఉన్న రోజుల్లో మామయ్య అక్కడొక చిన్న స్టేషన్‌లో పాయింట్స్‌మన్. వేసవి సెలవులకు వెళ్తే నా కాపురమంతా స్టేషన్ మాస్టరుగారి గదిలోనే. అక్కడ ఎర్రటి టోకెన్ పెట్టె ఉండేది. పక్క స్టేషన్‌లో దాని జత. గంట కొట్టి అడిగితే, అవతలి మాస్టరుగారు తన పెట్టె నుంచి కరెంటు ఇస్తేనే ఇవతలి పెట్టె ఒక ఇనుప గుండును వదిలేది. ఒక గుండు బయటికొచ్చిందా, అది మళ్లీ రెండిట్లో ఏదో ఒక పెట్టెలో పడేదాకా ఎంత బతిమాలినా రెండో గుండు రాదు. గుండు చేతికి రానిదే డ్రైవరు ఆ లైన్లోకి బండి పోనివ్వడు. ఒకే పట్టా మీద రెండు బళ్లు ఎదురుపడకుండా అంత చిన్న వస్తువు కాపలా కాసేది.

గుండును తోలు సంచిలో వేసి, ఆ సంచిని పెద్ద బెత్తపు రింగుకు కట్టేవారు. ఆగని బండి వస్తే మామయ్య దీపం పక్కన నిలబడి రింగు ఎత్తి పట్టుకునేవాడు. ఇంజన్ వాళ్లు చెయ్యి చాపి అందుకుని, పాత రింగు కిందికి విసిరేవారు. ఒక రాత్రి మామయ్య రింగు కాస్త వంచి పట్టుకున్నాడో, అవతలి చెయ్యి జారిందో, రింగు ఎగిరి తుమ్మ చెట్లలో పడింది. బండి కొంత దూరం పోయి ఆగిపోయింది. లాంతరు పట్టుకుని మామయ్య, ఆయన వెనక మాస్టరుగారు, వాళ్ల వెనక నేను. ముళ్లల్లో వెతుకుతూనే ఉన్నాం. కిటికీల్లోంచి జనం తిడుతూనే ఉన్నారు. గుండు దొరికి చేతిలో పెట్టేదాకా డ్రైవరు అంగుళం కదల్లేదు.

ఆ రాత్రి పొరపాటు జరిగింది. ఎవరి అజాగ్రత్తో కూడా తేలలేదు. ఒక్క ప్రాణానికీ ఏమీ కాలేదు.

2025 జూలై 8న కడలూరు దగ్గర సెమ్మంగుప్పం గేటులో స్కూలు వ్యాను మీదికి ప్యాసింజరు రైలు వచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. గేట్‌మన్‌ను అరెస్టు చేశారు. గేటు వేయకుండానే వేసినట్టు స్టేషన్‌కు ఫోనులో ప్రైవేట్ నంబరు, అంటే గేటు వేశానని ధ్రువీకరించే అంకె, చెప్పాడని విచారణలో తేలింది. తప్పు అతనిదే, సందేహం లేదు. కానీ ఆ గేటుకు ఇంటర్‌లాకింగ్ లేదు. ఉండి ఉంటే గేటు పడనిదే సిగ్నల్ పచ్చగా మారదు. మామయ్య కాలంలో పెట్టె అడ్డుపడి ఆపిన పనిని ఇక్కడ ఒక మనిషి ఫోనులో చెప్పే అంకెకు వదిలేశారు.

కంటకాపల్లి మరింత బాధ. 2023 అక్టోబరు 29 సాయంత్రం, విజయనగరం జిల్లాలో, పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి గుద్దింది. 14 మంది చనిపోయారు. వాళ్లలో రాయగడ బండి లోకో పైలటూ అసిస్టెంటూ ఉన్నారు. వాళ్లిద్దరూ ఫోనులో క్రికెట్ చూస్తూ ఏమరుపాటున ఉన్నారని మరుసటి మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ అన్నారు. ఆ రోజు ప్రపంచ కప్‌లో ఇండియా–ఇంగ్లండ్ మ్యాచ్ ఉన్న మాట నిజమే, కాబట్టి దేశమంతా నమ్మింది. తర్వాత రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో ఆ సమయంలో వాళ్ల ఫోన్లలో డేటా వాడకమే లేదని తేలింది. పాడైన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను నిబంధన ప్రకారం దాటలేదన్నది మాత్రం నిజం. రాత్రిపూట అలాంటి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, గంటకు పది కిలోమీటర్లు మించకుండా పోవాలి. వాళ్లు అలా పోలేదు.

ఎందుకు పోలేదో అడగాల్సింది అక్కడే. ఆ సిగ్నళ్లు ఎన్నాళ్లుగా మొరాయిస్తున్నాయి? పాడైన సిగ్నల్ దాటడం రోజువారీ పనైపోయిందా? బండిని దానంతటదే ఆపే కవచ్‌ను అప్పటికే మన దక్షిణ మధ్య రైల్వేలో వందల కిలోమీటర్ల మేర పెట్టారు. కంటకాపల్లి దారిలో ఎందుకు లేదు? క్రికెట్ మాట వచ్చాక ఈ ప్రశ్నలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చనిపోయిన ఇద్దరి మీదికి నెట్టేస్తే ఫైలు మూసెయ్యొచ్చు.

బస్టాండులో ఆ డ్రైవరు మీద నా కోపం పోలేదు, పోదు కూడా. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాలి. కానీ తాళం మరిచిన రాత్రి కూడా పరాయివాడు కదిలించలేని బస్సు ఇవ్వాల్సింది యాజమాన్యం. నేను అడిగేది ఇంకొకటుంది. సేఫ్టీ కమిషనర్ రైల్వేల కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. రైల్వే తప్పు రైల్వేయే తేల్చుకోకూడదనే ఆ ఏర్పాటు. అలాంటప్పుడు ఆయన నివేదికలు పూర్తిగా, ప్రమాదం జరిగిన ప్రాంతపు భాషలో, అక్కడి స్టేషన్‌లో అడిగినవారికల్లా ఇవ్వాలి. కంటకాపల్లి నివేదికతో మొదలుపెట్టమనండి.