గళ్ల లుంగీ, నల్ల షేర్వానీ

తెలుగు సినిమా సాయిబుకు రెండే జతల బట్టలు కుట్టించి పెట్టింది. మొదటిది జరీ షేర్వానీ. అది పాన్ నములుతూ గజల్ వినే నవాబుకు. రెండోది గళ్ల లుంగీ, జాలీ బనీను, మెడలో తావీజు, కళ్లకు సుర్మా. అది కత్తి పట్టిన గూండాకు. మంచి సాయిబు అవసరమైతే తెల్ల టోపీ ఒకటి తగిలించి ఇంటర్వెల్ తర్వాత హీరో కోసం చంపేస్తారు. 2002లో 'ఖడ్గం' ఆటో నడుపుకొనే అమ్జద్‌ను చూపించింది. చెమటోడ్చే ముస్లిం తెర మీదికొచ్చినందుకు సంతోషమే. అయితే అతని తమ్ముణ్ని టెర్రరిస్టును చేస్తే తప్ప ఆ కథ నడవలేదు.

ఆ షేర్వానీ మా ఇంటి దండెం మీద ఏనాడూ ఆరలేదు. లుంగీ ఆరింది. కాని అది గూండా లుంగీ కాదు, దర్జీ లుంగీ.

మా అబ్బా తిరుమలగిరిలో దర్జీ. కంటోన్మెంటును నమ్ముకొని తిరిగిన మిషన్ అది. సిపాయిల యూనిఫారాలు పొట్టి చేయాలి, వదులు చేయాలి, భుజాల మీద పట్టీలు కుట్టాలి. పొద్దంతా మిషన్ తొక్కేవాడికి లుంగీ సుఖం. కాళ్లాడతాయి, గాలాడుతుంది. ఎండాకాలం రాత్రి అరుగుల మీద కూర్చున్న తెలుగు మగవాళ్లలో చాలామంది కట్టేదీ అదే. వాళ్లనెవరూ ఏమీ అడగరు.

ఒకసారి అద్దె ఇంటి కోసం తిరుగుతున్నాం. లుంగీని చూసిన తలుపులు మాట పూర్తికాక ముందే మూసుకున్నాయి. "ప్యాంటేసుకో అబ్బా" అన్నాను, చదువుకున్న కొడుకును కదా. తను కుట్టుకున్న ప్యాంటే వేసుకొని, అంగీ టక్ చేసుకొని వచ్చాడు. ఒక ఇంటాయన "రండి సార్" అని కుర్చీ వేశాడు. కిరాయి కుదిరింది. అడ్వాన్సు తీసే వేళకు పేరడిగాడు. పేరు విన్నాక, వాళ్ల బావమరిది ఆ ఇంట్లో దిగబోతున్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. తిరిగొస్తూ అబ్బా ఒక్కటే మాట అన్నాడు: "ప్యాంటైతే మంచిగనే కుదిరింది బేటా."

అసలు ఏ బట్ట ఎవరిది? మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన దండు ఊరు సికింద్రాబాదు. 1857 తర్వాత తెల్లవాళ్లు తిరుమలగిరిలో చుట్టూ కందకం తవ్వుకొని మకాం పెట్టారు. ఆ దండు తొడుక్కున్న ఖాకీ ఎవరి మాట? ఖాక్ అంటే ఫార్సీలో దుమ్ము. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ పెట్టిన గైడ్స్ దళం నుంచి ఆ రంగు సైన్యాలకు పాకింది. ఇవాళ పోలీసు ఒంటి మీదా అదే, ఆటోవాలా ఒంటి మీదా అదే. పైజామా ఫార్సీ. జేబు అరబ్బీ. దస్తీ, రుమాలు, అస్తరు, దర్జీ అన్నీ అటు నుంచి వచ్చినవే. తెలుగువాడు పొద్దున లేచి ఈ మాటలు తొడుక్కునే బజారుకొస్తాడు. అతని ఒంటి మీద అది బట్ట. మా ఒంటి మీదికొస్తే ఆనవాలు.

షేర్వానీ సంగతీ ఇంతే. నిజాం కాలంలో అది మతం బట్ట కాదు, హోదా బట్ట. దర్బారుకు పోవాలంటే హిందువైనా ముస్లిమైనా తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ ఉండాల్సిందే. 1918లో పెట్టిన ఉస్మానియాలో అన్ని మతాల విద్యార్థులూ షేర్వానీ తొడుక్కున్నారు. రూమీ టోపీ కథ ఇంకా విచిత్రం. 1829లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మహమూద్ తలపాగాలు తీయించి దాన్ని కొత్తకాలపు యూనిఫారం చేశాడు. 1925లో ముస్తఫా కమాల్ అదే టోపీని పాతకాలపు గుర్తని నిషేధించాడు. (తెలుగులో టోపీ పెట్టడమంటే మోసం చేయడం. ఆ టోపీ మాదేనని నేననను. నవ్వేవాళ్లు మాత్రం నావైపే చూస్తారు.)

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఈ షేర్వానీ, ఈ టోపీ వేసుకొని వీధిలోకి రావాలంటే భయం పుట్టింది. నిన్నటిదాకా రెండు మతాల అధికారులూ తొడుక్కున్న బట్ట ఒక్క మతానిదైపోయింది. ఇప్పుడు అదే షేర్వానీని కిరాయికి తెచ్చుకొని రెడ్డిగారబ్బాయి, శర్మగారబ్బాయి పెళ్లి రిసెప్షన్‌లో కూర్చుంటున్నారు. వాళ్లనెవరూ అనుమానించరు. అనుమానించకూడదు కూడా. 2019 డిసెంబరు 15న జార్ఖండ్‌లోని దుమ్కా సభలో ప్రధానమంత్రి, నిప్పు పెట్టేవాళ్లెవరో వాళ్ల బట్టలను చూస్తే తెలుస్తుందన్నారు. మా అబ్బాను అడిగితే, ఏ బట్టలో కొలతలు చెప్పమనేవాడు.

మావాళ్లను అడగాల్సిందీ ఉంది. షేర్వానీని మన తహజీబ్ అని ఊరేగించే పెద్దలు, దాన్ని కుట్టినవాడు ఏం కట్టుకున్నాడో ఎన్నడన్నా చూశారా? దూదేకులవాళ్లు, ఫకీర్లు, ఊళ్లల్లో కూలికి పోయే సాయిబులు పంచె కట్టారు, లుంగీ కట్టారు, దొరికింది కట్టారు. నవాబుల కొలతలు మాకు సరిపోవు. ఇప్పుడు ఇంకో రకంవాళ్లు బయల్దేరారు. పైజామా చీలమండకు ఎంత పైన ఉందో చూసి ఈమాను లెక్కగడతారు. బయటివాడు అనుమానంతో కొలుస్తాడు, లోపలివాడు భక్తితో కొలుస్తాడు. ఇద్దరి చేతుల్లోనూ టేపే. నడుమ నిలబడ్డవాడికి చేతులు ఎత్తమని మాత్రం ఇద్దరూ చెబుతారు.

అబ్బా నాకు చివరగా కుట్టిచ్చిన అంగీకి లోపలివైపు ఒక జేబు పెట్టాడు. పైకి కనబడదు. జుమ్మా నమాజు అయ్యాక, ఆఫీసుకు బస్సెక్కే ముందు, టోపీని నాలుగు మడతలు పెడితే అందులో సరిగ్గా పడుతుంది. దేనికని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.